రెండు గోడలకీ సమదూరం: మూలని సగం చేసే పద్ధతి

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నేను వడ్రంగిని. పదిహేనో ఏట మా మావయ్య చేతి కింద బాడిస పట్టాను, ఇప్పుడు నాకు అరవై రెండు. మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలు లెక్కల పుస్తకం పట్టుకొచ్చి, "తాతా, కోణ సమద్విఖండన రేఖ అంటే ఏంటి? ప్రొట్రాక్టరు పెట్టి కొలిచేసి సగం దగ్గర గీసేస్తే అయిపోద్ది కదా, ఈ కంపాసు గొడవంతా ఎందుకు?" అంది. అంత పొడుగు పేరు నేనెప్పుడూ పలకలేదు గానీ, ఆ గీత మీద నలభై ఏళ్లకి పైగా ఇళ్ల పైకప్పులు నిలబెట్టాను. అరచేతంత ప్రొట్రాక్టరుతో ఇరవై అడుగుల ఇంటి మూల కొలవలేం. దారం, మేకులు, సుద్దముక్క ఉంటే కొలవక్కర్లేకుండానే సగం చేయొచ్చు. మా మనవరాలికి ఆరోజు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకి పనికొస్తుంది, కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మూలని సగం చేసే గీత మీద ఎక్కడ నిలబడినా రెండు గోడలూ మీకు ఒకే దూరంలో ఉంటాయి. దూరమంటే గోడకి నిటారుగా, మూలమట్టం (L ఆకారంలో ఉండే మా పనిముట్టు) ఆనించి కొలిచే దూరం, ఏటవాలుగా కొలిచేది కాదు. తిరగేసి చెప్పినా నిజమే: మూల లోపల, రెండు గోడలకీ సమదూరంలో ఉన్న చోటు ఏదైనా ఆ గీత మీదే ఉంటుంది. "డిగ్రీలు సగం" అనేది కాగితం మీద పనికొచ్చే మాట. "రెండు వైపులా సమదూరం" అనేది నేల మీద పనికొచ్చే మాట. కింద చెప్పేవన్నీ ఈ రెండో మాటలోంచే వస్తాయి.

దారంతో చేసే పద్ధతి ఇదీ. మూలలో ఒక మేకు కొట్టండి. అక్కడినుంచి ఒక గోడ వెంట 3 అడుగులు కొలిచి గుర్తు పెట్టండి, రెండో గోడ వెంట కూడా అంతే 3 అడుగులకి గుర్తు పెట్టండి. మూడే అవ్వాలని లేదు, రెండూ ఒకటే అవ్వాలి. ఇప్పుడు దారం ఒక కొసని మొదటి గుర్తు దగ్గర మేకుకి తగిలించి, 4 అడుగుల దగ్గర సుద్దముక్క కట్టి, నేల మీద వంపు గీత గీయండి. స్కూల్లో దాన్నే చాపం అంటారు. దారం పొడవు మార్చకుండా రెండో గుర్తు దగ్గరా అలాగే గీయండి. రెండు వంపులూ ఒకదాన్నొకటి కోసుకున్న చోటికి మూలలోని మేకు నుంచి సుద్ద రాసిన దారం లాగి కొట్టండి. అదే సగం గీత.

ఎందుకు సగమో కూడా మా పిల్ల అడిగింది. దారం రెండు వైపులా ఒకటే, గుర్తులు రెండు వైపులా ఒకటే, మధ్య గీత ఇద్దరికీ ఉమ్మడి. అంటే మూడు భుజాలూ సమానంగా ఉన్న రెండు త్రిభుజాలు పక్కపక్కన పడుకున్నట్టు. మూడు భుజాలూ సమానమైతే కోణాలు వేరుగా ఉండటానికి వీల్లేదు. వాళ్ల పుస్తకంలో దీన్ని భు.భు.భు. (భుజం, భుజం, భుజం) అంటారు.

ఇందులో చేతికి తెలియాల్సినవి రెండున్నాయి. దారం పొడవు ఆ రెండు గుర్తుల మధ్య దూరంలో సగం కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే వంపులు కలవనే కలవవు. రెండోది, వంపులు మూలకి ఎంత దూరంగా కలిస్తే అంత మంచిది. మూల నుంచి ఒక్క అడుగు దూరంలో కలిసేలా గీసి అక్కడ ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తప్పారనుకోండి, పదో అడుగు దగ్గరకి వెళ్లేసరికి ఆ తప్పు పది నూళ్లు, అంటే అంగుళంపావు అవుతుంది. అదే ఒక నూలు తప్పు పదో అడుగు దగ్గరే చేస్తే అక్కడ ఒక నూలే. ఇంకో సంగతి, మన వైపు చేతికి దొరికేది కొబ్బరితాడే కదా అని దాంతో కొలతలు తీయకండి. అది లాగినకొద్దీ సాగుతుంది. ఒక వైపు గట్టిగా, ఇంకో వైపు వదులుగా పట్టుకుంటే రెండు వంపులూ ఒకటి కావు. నేను సన్నటి జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) వాడతాను.

పని దగ్గర నాకు ఎక్కువ ఇష్టమైంది ఇది కాదు, రీపరు (సన్నటి పొడుగు చెక్క పట్టీ) పద్ధతి. అంచులు రెండూ సమానంగా చిత్రిక పట్టిన రీపరు ఒకటి తీసుకోండి. దాని ఒక అంచుని మొదటి గోడకి ఆనించి, రెండో అంచు వెంట లోపలి వైపు గీత గీయండి. అదే రీపరుని రెండో గోడకి ఆనించి మళ్లీ గీయండి. ఈ రెండు గీతలూ ఎక్కడ కోసుకుంటాయో ఆ చోటు రెండు గోడలకీ ఒక్క రీపరు వెడల్పు దూరంలో ఉంది. అంటే సగం గీత మీద ఉన్నట్టే. మూల నుంచి దానికి దారం కొట్టేయడమే. వంపులు గీసే పనే లేదు. చిన్న పిల్లలకి కాగితం మీద స్కేలుతో ఇదే చేయించండి, స్కేలు రెండు అంచులూ వాడుకుని. కంపాసు పద్ధతి కన్నా ముందు ఇది నేర్పితే, గీత ఎందుకు అక్కడ పడిందో వాళ్ల కళ్లకే కనిపిస్తుంది.

ఈ పద్ధతితో దారానికి లొంగని పని ఒకటి అవుతుంది. ఒక్కోసారి మూల మనకి అందదు. రెండు గోడలు కలిసే చోట స్తంభం ఉంటుంది, లేదా కాలవగట్టూ రోడ్డూ కలిసే చోటు నీళ్లలో ఉంటుంది. మేకు ఎక్కడ కొడతాం? అప్పుడు రీపరుని గోడ నుంచి ఒకటి, రెండు, మూడు, ఇలా అయిదు వెడల్పుల దాకా లోపలికి జరుపుతూ రెండు వైపులా గీతలు గీస్తాం. మూడో గీత మూడో గీతతో కలిసే చోటు ఒకటి, అయిదో గీత అయిదో గీతతో కలిసే చోటు ఒకటి. ఆ రెంటినీ కలిపితే సగం గీత వచ్చేసింది. అసలు మూలని మనం చూడనే లేదు.

మూలమట్టంతో కూడా అవుతుంది. రెండు గోడల మీదా మూల నుంచి సమానంగా గుర్తులు పెట్టి, మూలమట్టం రెండు చేతుల మీదా 8 అంగుళాల గీత ఆ గుర్తుల మీద పడేలా పెడితే, మూలమట్టం రెండు చేతులూ కలిసే మూల సగం గీత మీద ఉంటుంది. లెక్క ఇందాకటిదే, మూడు భుజాల లెక్క.

ఇక ఇంటి కప్పు సంగతి. అసలు విషయం అక్కడే ఉంది.

మన కోనసీమలో పాత మండువా లోగిళ్లు చూసే ఉంటారు. నాలుగు వైపులా వాలు, మధ్యలో మండువాలోకి, అంటే ఇంటి నడుమ పైన తెరిచి ఉండే చోటులోకి, దిగే వాలు. బయటి మూలల్లో రెండు వాలులు గట్టులా కలుస్తాయి, మండువా మూలల్లో రెండు వాలులు లోయలా కలుస్తాయి. ఆ కలిసే చోట వేసే పెద్ద వాసం, మూలవాసం, ఏ గీత మీద పోవాలి? రెండు వైపులా వాలు ఒకటే అయినప్పుడు, కప్పు మీద ఒక చోటు ఎంత ఎత్తులో ఉందనేది అది చూరు నుంచి ఎంత లోపలికి ఉందనే దాన్ని బట్టే ఉంటుంది. రెండు వాలులు కలిసే చోట ఎత్తు ఒకటే కాబట్టి, ఆ చోటు రెండు చూరులకీ సమదూరంలో ఉండాలి. సమదూరం అంటే మళ్లీ మన గీతే. మూల సరిగ్గా 90 డిగ్రీలు కాకపోయినా, కాలవగట్టు వంపుకి కట్టిన ఇల్లై 80 ఉన్నా 110 ఉన్నా, ఈ మాట మారదు.

ఇది నాకు తెలియని రోజుల్లో చేసిన తప్పు చెబుతాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మావయ్య వేరే ఊళ్లో పనిలో ఉంటే, 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న ధాన్యం కొట్టుకి నాలుగు వాలుల పెంకు కప్పు నా చేతికి వచ్చింది. మూల నుంచి ఎదురు మూలకి దారం లాగాను, రెండు దారాలు కలిసిన చోటు నడిమధ్య కదా అని అక్కడ శిఖరం పెట్టి, నాలుగు మూలవాసాలూ అక్కడికే తెచ్చాను. ఎత్తు 4 అడుగులు. చూడ్డానికి గుడి గోపురంలా అందంగానే ఉంది. శ్రావణంలో గాలీ వానా పట్టుకునేసరికి, పొట్టి గోడల వైపు పెంకుల కిందనుంచి నీళ్లు కొట్టులోకి దిగాయి. పదకొండు బస్తాల వడ్లు మొలకెత్తిపోయాయి.

మావయ్య వచ్చి నిచ్చెన ఎక్కి చూసి కిందకి దిగాడు. "ఒరే అబ్బాయ్, ఇటు ఆరడుగుల్లో నాలుగు ఎక్కించావు, అటు పదడుగుల్లో నాలుగు ఎక్కించావు. నీరు ఎక్కడ నిలబడద్ది?" అన్నాడు. అంతే అన్నాడు. పొడుగు గోడల వైపు వాలు నిటారుగా ఉంది, పొట్టి గోడల వైపు పడుకుంది. పడుకున్న వాలు మీద గాలి నీటిని పైకి తోస్తే పెంకు సందుల్లోంచి లోపలికి పోవడమే. నేను చేసిన తప్పు ఒక్కటే: దీర్ఘచతురస్రంలో కర్ణం (ఎదురెదురు మూలల్ని కలిపే గీత) మూలని సగం చేస్తుందనుకోవడం. అది చెయ్యదు. చతురస్రంలో చేస్తుంది, దీర్ఘచతురస్రంలో చెయ్యదు. ఆ కొట్టులో నా కర్ణం పొడుగు గోడతో దాదాపు 31 డిగ్రీలు, పొట్టి గోడతో 59 డిగ్రీలు చేసింది.

సరైనది ఇలా ఉండాలి. ప్రతి మూల నుంచీ సగం గీత, అంటే 45 డిగ్రీల గీత లాగాలి. పొట్టి గోడ రెండు కొసల నుంచీ వచ్చిన గీతలు ఆ గోడకి 6 అడుగుల దూరంలో నడుమ కలుస్తాయి, ఎందుకంటే 12లో సగం 6. అవతలి పొట్టి గోడ వైపూ అంతే. మధ్యలో మిగిలిన 8 అడుగులు, 20లోంచి 12 తీసేస్తే వచ్చిన 8, కొప్పు, అంటే కప్పు పైన రెండు వాలులూ కలిసే పొడుగు అంచు. ఏ కొట్టుకైనా పొడవులోంచి వెడల్పు తీసేస్తే కొప్పు పొడవు వస్తుంది. చతురస్రపు మండపానికి సున్నా వస్తుంది, అందుకే అక్కడ నాలుగు వాసాలూ ఒకే కొసకి చేరతాయి. ఎత్తు 4 అడుగులే ఉంచితే, మామూలు వాసం పొడవు 7 అడుగుల రెండున్నర అంగుళాలు వస్తుంది (36కి 16 కలిపి వర్గమూలం). మూలవాసం 9 అడుగుల నాలుగున్నర అంగుళాలు (72కి 16 కలిపి వర్గమూలం). చూరు బయటికి ఎంత వదలాలో అది వేరే కలుపుకోవాలి. ఆ కొట్టు కప్పు మొత్తం విప్పి, కూలి తీసుకోకుండా మళ్లీ వేశాను. 1996 నవంబరు 6 తుపాను తరవాత మా చుట్టుపక్కల ఎన్ని పెంకుటిళ్లు మళ్లీ కట్టామో లెక్క లేదు. ప్రతి మూల దగ్గరా దారం పట్టుకున్నప్పుడు ఆ మొలకెత్తిన బస్తాలే గుర్తొచ్చేవి.

కర్ణాల విషయంలో పిల్లలు ఎక్కువగా తికమక పడతారు, పెద్దలూ పడతారు. నేను ఇలా గుర్తు పెట్టుకుంటాను. గుమ్మం దీర్ఘచతురస్రం. దాని కర్ణాలు రెండూ పొడవులో సమానం, ఒకదాన్నొకటి సగం చేసుకుంటాయి, మూలల్ని మాత్రం సగం చెయ్యవు. కిటికీ గ్రిల్లులో వజ్రం ఆకారం ఉంటుంది చూడండి, నాలుగు భుజాలూ ఒకటే, మూలలు మాత్రం 90 కావు. దాన్ని సమచతుర్భుజం అంటారు. దాని కర్ణాలు పొడవులో సమానం కావు, కానీ ఒకదానికొకటి నిటారుగా కోసుకుంటాయి, నాలుగు మూలల్నీ సరిగ్గా సగం చేస్తాయి. ఇందాక రీపరుతో రెండు వైపులా గీసినప్పుడు మూల దగ్గర ఏర్పడింది కూడా ఈ వజ్రమే, ఆ సగం గీత దాని కర్ణమే. చతురస్రంలో ఈ రెండు గుణాలూ ఉంటాయి. పై రెండు అంచులు పొట్టిగా, కింది రెండు పొడుగ్గా ఉండే గాలిపటానికి నిలువు పుల్ల పై మూలనీ కింది మూలనీ సగం చేస్తుంది, అడ్డపుల్ల దేన్నీ సగం చెయ్యదు. పక్కపక్క భుజాలు సమానం కాని సమాంతర చతుర్భుజం కర్ణాలు మూలల్ని సగం చెయ్యవు. అయితే దానిలో పక్కపక్క మూలల సగం గీతలు లాగితే అవి ఒకదానికొకటి సరిగ్గా 90 డిగ్రీల్లో కోసుకుంటాయి, ఆ రెండు మూలలూ కలిపి 180 కాబట్టి.

గుమ్మం బిగించే ముందు రెండు కర్ణాలూ కొలవమని ప్రతి మేస్త్రీ చెబుతాడు. 7 అడుగులకి మూడున్నర అడుగుల గుమ్మమైతే కర్ణం 7 అడుగుల 10 అంగుళాలకి దాదాపు ఒక నూలు తక్కువ రావాలి. కానీ కర్ణాలు సమానం అయినంత మాత్రాన చాలదు. పైన సన్నంగా, కింద వెడల్పుగా, రెండు పక్కలా ఒకే వాలుతో ఉన్న చట్రానికీ కర్ణాలు సమానమే వస్తాయి. ఎదురెదురు భుజాలు సమానమా అని ముందు చూసి, ఆ తరవాతే కర్ణాలు చూడండి.

పటాల చట్రాల దగ్గర ఇంకో మోసం ఉంది. దేవుడి పటానికి ఫ్రేము చేసేటప్పుడు మూలలో చెక్కల్ని 45 డిగ్రీలకి కోసి అతికిస్తాం. రెండు చెక్కల వెడల్పూ ఒకటైతేనే అది సరి. ఒక చెక్క 3 అంగుళాలు, ఇంకోటి 2 అంగుళాలు అయితే 45కి కోస్తే లోపలి అంచులు కలవవు. అక్కడ బయటి మూల నుంచి లోపలి మూలకి గీత గీసుకుని దాని మీదే కోయాలి, అది సగం గీత కాదు. ఆ గీత రెండు అంచులకీ సమదూరంలో ఉండదు మరి, ఒక వైపు మూడు, ఒక వైపు రెండు.

త్రిభుజానికి వద్దాం. మా ఊరి చివర కాలవగట్టూ రోడ్డూ కలిసే చోట ఒక మూడు మూలల స్థలం ఉంది. రోడ్డు వైపు 90 అడుగులు, కాలవగట్టు వైపు 120, మూడో వైపు పంటబోదె (పొలానికి నీళ్లు పారే చిన్న కాలవ) వెంట 150. రోడ్డూ గట్టూ కలిసే మూల సరిగ్గా 90 డిగ్రీలు. 3, 4, 5 లెక్క తెలిసినవాళ్లు కొలవకుండానే చెప్పేస్తారు. మొత్తం 5,400 చదరపు అడుగులు, అంటే 600 గజాలు. ఇద్దరు అన్నదమ్ములు దాన్ని పంచుకోవాలనుకుని, నన్ను పిలిచి "బాబాయ్, ఆ పెద్ద మూలని సగం చేసి గీత కొట్టెయ్, సరిపోద్ది" అన్నారు. మూల సగమైతే నేల సగమవుతుందనుకున్నారు.

కాదు. ఆ గీత బోదెని ఎక్కడ తాకుతుందో ఆ చోటు రోడ్డుకీ గట్టుకీ సమదూరంలో ఉంటుంది, ఇక్కడ లెక్క వేస్తే సుమారు 51 అడుగుల 5 అంగుళాలు. రెండు ముక్కలకీ ఎత్తు అదే అయినప్పుడు, నేల పునాది భుజాల లెక్కన పోతుంది. ఒకరికి 90 వంతు, ఇంకొకరికి 120 వంతు. అంటే రోడ్డు వైపు వాడికి 257 గజాలు, గట్టు వైపు వాడికి 343 గజాలు. బోదె గట్టు కూడా అదే పాలున తెగుతుంది, 150 అడుగుల్లో రోడ్డు వైపు 64 అడుగుల 3 అంగుళాలు, అటు 85 అడుగుల 9 అంగుళాలు. మూలని సగం చేసే గీత ఎదుటి భుజాన్ని పక్క భుజాల నిష్పత్తిలో కోస్తుందని పుస్తకంలో ఉండే సూత్రం ఇదే. నేల సమానంగా కావాలంటే గీత మూల నుంచి బోదె నడిమధ్యకి, 75 అడుగుల గుర్తుకి పోవాలి. అది మధ్యగత రేఖ, సగం గీత కాదు. నేను రెండు దారాలూ కొట్టి చూపించాను. తమ్ముడు రెండు దారాల మధ్యా నడిచి, "ఇది నలభై మూడు గజాలా?" అని అడిగాడు. దాదాపు అంతే. గోడ 75 దగ్గరే కట్టారు.

అదే స్థలంలో మూడు మూలల నుంచీ సగం గీతలు లాగితే మూడూ ఒకే చోట కలుస్తాయి. ఎందుకో మీకే తట్టుతుంది: మొదటి రెండు గీతలు కలిసిన చోటు రోడ్డుకీ గట్టుకీ సమదూరం, గట్టుకీ బోదెకీ సమదూరం, కాబట్టి రోడ్డుకీ బోదెకీ సమదూరమే, మూడో గీత దాన్ని తప్పించుకోలేదు. అక్కడి నుంచి ప్రతి వైపుకీ 30 అడుగులు. ఆ నేల మీద గీయగలిగే అన్నిటికన్నా పెద్ద గుండ్రం దాని చుట్టూ పడుతుంది, వ్యాసం 60 అడుగులు. సరి చూసుకోండి: చుట్టుకొలత 360, దాన్ని 30తో గుణించి సగం చేస్తే 5,400 రావాలి, వస్తుంది. మూడు మూలలకీ సమదూరం కావాలంటే మాత్రం ఇది పనికిరాదు. దానికి భుజాల మధ్యలో నిటారు గీతలు లాగాలి, ఈ స్థలానికైతే అది బోదె గట్టు మీదే, నడిమధ్యలో పడుతుంది.

మా మనవరాలు అన్నీ విని, "మరి మూలని మూడు ముక్కలు చెయ్యాలంటే, తాతా?" అంది. మా ఊళ్లో ఒక లెక్కల మాస్టారికి బీరువా చేసినప్పుడు నేనూ ఇదే అడిగాను. ఒట్టి కంపాసు, గుర్తుల్లేని స్కేలుతో అన్ని కోణాల్నీ మూడు సమభాగాలు చేయడం కుదరదని 1837లో పియెర్ వాంట్జెల్ అనే ఫ్రాన్సు గణితవేత్త నిరూపించాడని ఆయన చెప్పారు. 90ని చేయొచ్చు, 60ని చేయలేం. సగం చేయడం మాత్రం ఏ కోణానికైనా అవుతుంది, సగాన్ని మళ్లీ సగం చేయొచ్చు, నాలుగు, ఎనిమిది, ఎన్ని సార్లయినా.

గీత కొట్టాక ఒక్క పని మర్చిపోకండి. దాని మీద రెండు చోట్ల, ఒకటి మూలకి దగ్గరగా, ఒకటి దూరంగా, మూలమట్టం ఆనించి రెండు గోడలకీ దూరం కొలవండి. దగ్గర చోట సరిపోయి దూరం చోట ఒక అంగుళం తేడా వచ్చిందంటే గీత పక్కకి పోయినట్టు. దూరం చోట సరిపోయి దగ్గర చోట తేడా వస్తే మూలలో మేకు కదిలింది. రేగడి నేలలో, ఎండకి బీటలిచ్చిన చోట ఇది మామూలే. మేకు పీకి, మూలలోనే గట్టిగా మళ్లీ కొట్టి, దారం మొదటి నుంచి లాగండి.